నాలుగు కొమ్ముల సంచి

నా భార్య పోయిన మూడో రోజు పొద్దున ఆమె బీరువాను వాళ్ళ పెద్దమ్మ తెరిచింది. ఆ రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, గోదావరి ఒడ్డున దహనం చేసిన చోటికి తీసుకుపోయి, మోదుగాకు ఇస్తార్లలో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా నిలబడాలి. పక్కన ఆమె కట్టిన చీర కూడా ఒకటి పెట్టాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఆకుపచ్చ చీర మడతను లాగేసరికి అందులోంచి ఏదో జారి నేల మీద పడింది.

నల్లగా, అరచేతిలో పట్టేంత ఉంది. ఎండిన తోలులాంటి చిన్న సంచి. నాలుగు మూలల నుంచీ నాలుగు కొమ్ములు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక పక్కన సన్నటి గుండ్రటి రంధ్రం.

పెద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందల్లుడా ఇది?"

నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. ఆ బీరువా మీద ఉన్న గీతలు కూడా నాకు తెలుసు. ఈ వస్తువును మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"కాలేజీదై ఉంటది అత్తమ్మా. పిల్లలకు చూపించేది" అన్నాను.

"కాలేజీది కాలేజీల ఉండాలె. చీరెల మడతల ఎందుకుంటది? కొమ్ములు సూడు. నలుపు సూడు. ఎవరో మంత్రం చేసి పెట్టిండ్రు. గందుకే నా బిడ్డ జబ్బు పడ్డ ఆర్నెల్లకే గట్లైంది."

గుమ్మంలో నిలబడ్డ నా బావమరిది, "పెద్దమ్మా, అక్క జువాలజీ మేడం. బొద్దింకలను డబ్బాల్లో పెట్టుకొని తిరిగేది. మంత్రమేంది?" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో. బొద్దింకకు కొమ్ములుంటయారా?"

"మీసాలుంటయి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నేను వంగి దాన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అది ఏమిటో తెలియకపోయినా, ఎవరు ఇచ్చారో మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ పిల్ల ఇచ్చి ఉంటుంది.

ఆ పిల్ల గురించి చెప్పాలి.

మాది గోదావరిఖనిలో ఎయిటింక్లైన్ కాలనీ. నేను బొగ్గుబాయిలో సర్వేయర్‌ను, భూమి లోపలి దారులకు నక్షాలు గీస్తాను. నా భార్య జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. మాకు పిల్లలు లేరు. ఆ పిల్ల ఆమె దగ్గర ఇంటర్ చదివింది. తండ్రి బాయిలో బొగ్గు నింపే పని చేసేవాడు. రికార్డులో బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చేది. మొదట సాయంత్రం పూట వచ్చేది, తరవాత సెలవు రోజుల్లో కూడా. మా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో నాకంటే ముందు ఆమెకు తెలిసింది. ఆ తరవాత పై చదువులకు వెళ్ళింది. సముద్రంలో బతికే చేపల మీద పరిశోధన చేసింది. ఒక ఏడాది చలిదేశపు తీరంలో ఉండి వచ్చింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం.

ఎక్కడున్నా ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసేది. నా భార్య ఫోన్ తీసుకొని లోపలి గదిలోకి వెళ్ళేది. తలుపు మూసేది కాదు, దగ్గరగా వేసేది. నేను ముందు గదిలో పుస్తకం పట్టుకొని కూర్చునేవాణ్ని. మాటలు సగం వినపడేవి. స్కేట్ అనే మాట మళ్ళీ మళ్ళీ వచ్చేది. అది చేప అని మాత్రం తెలుసు. నడుమ నడుమ నా భార్య నవ్వేది. ఆ నవ్వు నా దగ్గర నవ్వే నవ్వు కాదు. గొంతు లోపలి నుంచి వచ్చేది, ఆగకుండా సాగేది. ఫోన్ పెట్టేసి బయటికి వచ్చాక నాతో, "గ్యాస్ బుక్ చేసిండ్రా?" అనేది.

నేను చదివేవాణ్ని. చరిత్ర, నవలలు, ఏది దొరికితే అది. బాగున్న పేజీ ఆమెకు చదివి వినిపించేవాణ్ని. వినేది. ఒకసారి మాత్రం, "మీ పుస్తకాలల్ల అందరు మాట్లాడుతనే ఉంటరు. అలసిపోరా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. ఇంకోసారి నేనే, "ఆ చేప సంగతేందో నాకూ చెప్పు" అన్నాను. ఆమె ముఖం వెలిగింది. చేతులు తుడుచుకొని ఎదురుగా వచ్చి కూర్చుంది. అంతలో ఫోన్ మోగింది. ఆ రోజు ఆదివారం.

అంతకు ముందు, ఆ పిల్ల ఇంటర్‌లో ఉన్నప్పుడు, ముగ్గురం కలిసి మార్కెట్‌కు వెళ్ళాం. మా మార్కెట్‌లో చెరువు చేపలే ఎక్కువ. ఎప్పుడన్నా ఐసు డబ్బాల్లో సముద్రం చేప వస్తుంది. ఆ రోజు ఒక టేకు చేప వచ్చింది. పళ్ళెంలా పలచగా, పొడుగు తోకతో ఉంది. నా భార్య దాన్ని చూడగానే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గొంతుక్కూర్చుంది. పిల్ల పక్కన కూర్చుంది. కూరగాయల సంచితో నేను వెనక నిలబడ్డాను.

నా భార్య చేపను వెల్లకిలా తిప్పింది. కింది వైపు తెల్లగా ఉంది. ముఖంలాంటిది కనపడింది. రెండు కళ్ళు, కింద నోరు.

"ఇవి కండ్లనుకుంటవు. కాదు. ముక్కురంధ్రాలు. కండ్లు మీద ఉంటయి. నోరు ఇసుకలకు ఉంటది. మరి ఇసుక మింగకుండ ఎట్ల ఊపిరి పీలుస్తది?"

పిల్ల మళ్ళీ తిప్పి, కళ్ళ వెనక రెండు రంధ్రాల మీద వేలు పెట్టింది. "వీటి నుంచి మేడం."

"శభాష్. ఇది స్కేట్ కాదు, దాయాది. తోక మీద ముల్లు చూడు. స్కేట్‌కు ఇట్లాంటి విషపు ముల్లు ఉండదు. ఇది పిల్లల్ని కంటది. స్కేట్ గుడ్డు పెడ్తది."

చేపలమ్మే ఆమె విసుక్కుంది. "మేడం, కొంటరా, పెండ్లిచూపులు చూస్తున్నరా? జల్ది చెప్పుండ్రి, ఐసు కరుగుతున్నది."

ముగ్గురు ఆడవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆలస్యంగా. ఇంటికి వచ్చే దారిలో వాళ్ళిద్దరూ ముందు నడిచారు. సంచి బరువుగా ఉందా అని ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి నాకు ఆ పిల్ల మీద కడుపుమంట మొదలైందని ఇప్పుడు రాయగలను. అప్పుడు దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. పిల్లకు చనువు ఎక్కువైందనీ, ఆమెకు విశ్రాంతి దొరకడం లేదనీ అనుకున్నాను.

నా భార్య పోయిన రోజు ఆ పిల్ల సముద్రంలో ఉంది. సర్వే పడవలో వెళ్ళింది, ఫోన్ అందలేదు. అందిన తరవాత, దినాల నాటికి వస్తానని కబురు పెట్టింది. నిజం చెప్పాలంటే, చితి దగ్గర ఆమె లేకపోవడం నాకు కొంత ఊరటగా ఉంది.

గోదావరి ఒడ్డున ఇస్తార్లు పరిచాం. గారెలు, కోడికూర, ఉడికించిన గుడ్లు, మామిడికాయ తొక్కు, ఆమెకు ఇష్టమైన సర్వపిండి. పక్కన ఆకుపచ్చ చీర. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. ఒక కాకి వచ్చి ఎండిన మోడు మీద వాలింది. చూసింది. దిగలేదు.

మా దగ్గర కాకి ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందంటారు. అదేమిటో కనుక్కొని పైకి మాట ఇవ్వాలి. మాట సరైనదైతే కాకి వస్తుంది. ఒక్కొక్కరే మొదలుపెట్టారు.

"అక్కా, బావను మేం చూసుకుంటం. ఒంటరిగ ఇడిచిపెట్టం" అన్నాడు బావమరిది.

కాకి ముక్కును మోడుకు రాసుకుంది.

"నీ పుస్తకాలు కాలేజీకిస్తం."

"అమ్మ గుళ్ళె నీ పేరు మీద అన్నదానం చేస్తం."

అప్పుడే దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. నేల అదిరింది. కాకి ఎగిరిపోయింది. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"నీ జేబుల గది ఉన్నంతసేపు రాదు. తియ్యి, గంగల ఏస్త."

"వద్దత్తమ్మా."

"ఏందో చెప్పు మరి. అది ఏందో చెప్తే ఇడిచిపెడ్త."

అందరూ చూస్తున్నారు. జేబు మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డాను. అక్కడ కాలినది నా భార్య. నా చేతికింద ఉన్నది ఆమె వస్తువు. అది ఏమిటో చెప్పగలిగిన మనిషి ఈ ఒడ్డున లేదు, ఇంకెక్కడో సముద్రం మీద ఉంది.

కాకి మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు కూడా వచ్చాయి. అందరం అలసిపోయి ఇంకా వెనక్కి జరిగాం. పెద్దమ్మ కొంగు నడుముకు దోపి, రెండు చేతులూ ఎత్తి గట్టిగా అరిచింది.

"బిడ్డా, నీ పిల్ల వస్తున్నది! నువ్వు చదువు చెప్పిన పిల్ల! దారిల ఉన్నది. దాన్ని నీ ఫోటో ముందర కూసుండవెడ్త. ముట్టు తల్లీ!"

కాకి దిగింది. ఇస్తారి చుట్టూ ఒకసారి నడిచి గారె నోట కరుచుకుంది.

"ముట్టింది! ముట్టింది!" అని ఏడుస్తూ అందరూ దండాలు పెట్టారు.

నేను ఇలాంటివి నమ్మను. కాకి ఎందుకు వచ్చిందో తెలుసు. బ్లాస్టింగ్ ఆగింది, మనుషులు దూరం జరిగారు, ఆకలి వేసింది. అయినా ఆ రోజు స్నానం చేసి ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చొని తినలేకపోయాను. నన్ను చూసుకుంటామంటే రాని కాకి ఆ పిల్ల మాట చెప్పగానే వచ్చింది.

తరవాతి రోజుల్లో ఒకే పని పెట్టుకున్నాను. ఆ పిల్ల వచ్చేలోపు ఆ సంచి గురించి తెలుసుకోవాలి. ఆమె నోటి నుంచి వినకూడదు. నా భార్య పాఠ్యపుస్తకాలు తిరగేశాను. వాటిలో సొరచేప వరకే ఉంది. ఫోన్‌లో వెతికాను. నాలుగు కొమ్ముల నల్ల సంచి అని రాసి చూస్తే వెంటనే బొమ్మ వచ్చింది. స్కేట్ గుడ్డు సంచి.

చదివాను. స్కేట్ ఒడ్డుకు దగ్గరి లోతు తక్కువ నీళ్ళలో, ఇసుక, బురద, గులకరాళ్ళు ఉన్న నేల మీద బతుకుతుంది. రెక్కలు ఆడించి ఇసుకను మీద కప్పుకొని కళ్ళు, వాటి వెనక రంధ్రాలు మాత్రం బయటికి పెట్టి పడి ఉంటుంది. పీతలను, రొయ్యలను, చిన్న చేపలను తింటుంది. ఒంట్లో గట్టి ఎముక ఉండదు. కొన్నిటికి వీపు మీదా తోక మీదా ముళ్ళుంటాయి. ఇసుక కింద దాగిన జీవి ఒంట్లో పుట్టే సన్నటి విద్యుత్తును కూడా పసిగడుతుంది. నెమ్మదిగా పెరుగుతుంది, ఆలస్యంగా ఈడుకొస్తుంది. అందుకే వలలు ఎక్కువైన చోట త్వరగా తగ్గిపోతుంది.

ఆడది కాలం వచ్చినప్పుడు ఇంకా తక్కువ లోతుకు వచ్చి గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు ఒక్కో సంచిలో ఉంటుంది. సంచికి ఉన్న జిగురు రాళ్ళకు, ఇసుకకు అంటుకుంటుంది. పెట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. లోపలి పిల్ల పచ్చసొన తింటూ నెలల తరబడి పెరుగుతుంది. కొన్నాళ్ళకు కొమ్ముల్లోని సన్నటి చీలికలు తెరుచుకుంటాయి. పిల్ల తోక ఆడిస్తూ ఉంటే ఆ చీలికల గుండా సముద్రం లోపలికీ బయటికీ ఆడుతుంది. దగ్గర్లో ఆపద ఉందని తెలిస్తే తోక ఆపేస్తుంది. ఊపిరి కూడా బిగబట్టుకుంటుంది.

ఇది నాకు నచ్చింది. నచ్చినందుకు కోపం కూడా వచ్చింది. ఆదివారాలు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఇదన్నమాట. నాకు చెప్పి ఉంటే నేనూ వినేవాణ్ని.

దినాల నాడు ఆ పిల్ల వచ్చింది. ఎండకు బాగా నల్లబడింది. పెద్దమ్మ మాట తప్పకుండా ఆమెను చెయ్యి పట్టి ఫోటో ముందు కూర్చోబెట్టింది. పిల్ల చాలాసేపు ఏడ్చింది. భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. ఆమె వరండాలో ఒక్కతే కూర్చుంది. నేను సంచి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఇది స్కేట్ గుడ్డు సంచి" అన్నాను, ఆమె నోరు తెరవకముందే. చదివిందంతా చెప్పాను. ఇసుక, రంధ్రాలు, కొమ్ముల చీలికలు, తోక.

ఆమె ఎర్రబడ్డ కళ్ళతో విన్నది. "మేడం మీకు అన్ని చెప్పిందన్నట్టు సార్" అంది.

"ఆ" అన్నాను.

ఆమె సంచిని చేతిలోకి తీసుకొని వేలితో ఆ చిన్న రంధ్రం తడిమింది. "మరి ఇదేందో కూడ చెప్పిందా?"

"దారం కట్టడానికి చేసుకుందేమో."

"కాదు సార్. ఇది నత్త పని."

లోపలికి వెళ్ళి గిన్నెలో నీళ్ళు తెచ్చి సంచిని అందులో ముంచింది. కొంతసేపటికి అది మెత్తబడి, ఉబ్బి, గోధుమరంగుకు తిరిగింది. వెలుతురుకు పెట్టి చూపించింది.

"సముద్రంల ఒక రకం నత్తలుంటయి. సంచి మీద కూసొని రంధ్రం తొలిచి లోపలున్నది పీల్చేస్తయి. పిల్ల బయటికొస్తే ఈ చివర నోరు తెరుచుకుంటది. చూడండ్రి, మూసే ఉన్నది. దీంట్ల పిల్ల బయటికి రాలే సార్."

ఆ మాట విన్నాక ఒక సంగతి రాయక తప్పదు. పెళ్ళైన కొత్తలో మేం గోలేటిలో ఉండేవాళ్ళం. నా మొదటి పోస్టింగ్ అక్కడే. నాలుగో నెలలో ఆమె కడుపులోనే బిడ్డ పోయింది. అప్పటికి ఎవరికీ చెప్పలేదు. చెబుదామనుకునేలోపే అయిపోయింది. "ఎవరికీ చెప్పకుండ్రి" అంది ఆమె. నేను చెప్పలేదు. వాళ్ళ అమ్మకు, పెద్దమ్మకు, ఎవరికీ తెలియదు. తరవాత మా ఇద్దరి మధ్య కూడా ఆ మాట రాలేదు. మళ్ళీ కడుపు పండలేదు.

గిన్నెలోని సంచిని చూస్తూ ఉంటే ఒకటే భయం పట్టుకుంది. ఈ పిల్లకు గోలేటి సంగతి చెప్పిందా? ఆదివారాలు ఇవ్వనీ, చేపల సంగతులు చెప్పనీ, ఆ నవ్వు ఇవ్వనీ. ఆ ఒక్కటి కూడా ఇచ్చేసిందా? ఇచ్చి ఉంటే నాకిక ఏమీ మిగలదు. అడగకుండా ఉండలేకపోయాను.

"ఇది పాడైంది కదా. దీన్నెందుకు పంపినవు?"

"నా అంతట నేను పంపలే సార్, మేడమే అడిగింది" అంది. "ఆ చలి దేశంల ఉన్నప్పుడు ఒడ్డు మీద మస్తు సంచులు ఏరిన. ఫోటోలు పెట్టిన. పిల్ల మంచిగ ఎల్లిపోయింది ఒకటుండె, ఎంత నీటుగ ఉండెనో. అదే పంపుత అన్న. వద్దన్నది. ఇదే కావాలని పట్టుకున్నది. ఎందుకు మేడం, ఇది ఖరాబైంది గద అంటే ఊకె నవ్వింది."

గోడ అవతల నేను విన్న నవ్వుల్లో అదీ ఒకటై ఉంటుంది.

"ఎందుకో చెప్పలేదా?"

"చెప్పలే. రెండు మూడు సార్లడిగిన. మాట మార్చేది." ఆమె నా ముఖంలోకి చూసింది. "మీకు చెప్పిందా సార్?"

"లేదు" అన్నాను.

అది నిజమే. నాతో ఒక్క మాట అనలేదు. నేను అనుకున్న కారణమే అసలు కారణమని కూడా రుజువు లేదు. కానీ అనుకోగలిగినవాణ్ని నేనొక్కణ్నే. ఆ పిల్లకు చేప గురించి అన్నీ తెలుసు. దీని గురించి తెలియదు. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. దినాల నాడు ఏ భర్తకూ కలగకూడనంత సంతోషం. గోలేటి సంగతి నేను చెప్పి ఉంటే ఆ పిల్ల ఇంకోసారి ఏడ్చేది, నా చెయ్యి పట్టుకునేది. ఇద్దరికీ కొంత తేలికయ్యేది. చెప్పలేదు.

ఆమె సంచిని పాత గుడ్డ మీద ఆరబెట్టింది. సాయంత్రం బస్సుకు బయలుదేరేముందు మళ్ళీ దాని దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఏమనుకోకపోతే... ఇది నేను ఉంచుకుంట. మేడం గుర్తుగ."

"ఇయ్యలేనమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. ఎక్కువ ఎండితే పగులుతుందనీ, ఎండ తగలనియ్యొద్దనీ చెప్పింది. తెలుసన్నాను. తెలియదు.

మర్నాడు పెద్దమ్మ మంథనికి ప్రయాణమైంది. ఆటోలో కూర్చున్నాక నన్ను దగ్గరికి పిలిచింది.

"అల్లుడా, ఆ కొమ్ముల సంచి ఆ పిల్ల పంపిందేనంట గద."

"అవునత్తమ్మా."

"నిన్న అడిగిందంట. ఇచ్చినవా?"

"ఇయ్యలే."

"మంచి పని చేసినవ్" అంది పెద్దమ్మ. ఏమనుకొని అందో అడగలేదు.

ఆటో మలుపు తిరిగాక లోపలికి వచ్చాను. ఆకుపచ్చ చీరను గోదావరి దగ్గరే వదిలేశాం. సంచిని దాని కింద ఉన్న నీలం చీర మడతలో పెట్టి బీరువా మూశాను.